నూట ఇరవై కుర్చీలు ఎంచిన హీరో

నలభై ఒకటో నంబరు కుర్రాడు గాల్లోకి లేచి కుడికాలు విసిరాడు. ఎదురుగా ఉన్న మనిషి నాలుగడుగులు వెనక్కి ఎగిరి, చెక్కబల్ల మీద పడి, బల్లతో సహా కుప్పకూలాడు. హాల్లో నూట ఇరవై కుర్చీల్లో కూర్చున్న నూట ఇరవై మందికీ ఒక్క క్షణం ఊపిరాగింది. "అమ్మో!" అంది వెనక వరసలో ఎవరో ముసలమ్మ. పక్కన అద్దాల గదిలో తెర మీద అంకె గబగబా పైకి పాకి ఎనభై ఆరు దగ్గర ఆగింది.

"పాస్!" అని కేకేశాడు నిర్మాత భుజంగరావు. కుర్రాడు మోకాళ్ళ మీద పడి స్టేజీకి దణ్ణం పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఏడ్చేసింది. పుప్పాలగూడలోని ఆ హాల్లో, పట్టపగలు పదకొండు గంటలకి, తెలుగు సినిమాకి ఇంకో యాక్షన్ హీరో దొరికాడు.

కింద పడ్డ మనిషి లేచి చొక్కా దులుపుకున్నాడు. విరిగిన చెక్కలు ఏరి మూలన పడేసి, నలభై రెండో నంబరు కోసం కొత్త బల్ల తెచ్చి వేశాడు.

కంగారుపడకండి, అసలు సంగతి మొదట్నుంచీ చెప్తాను. అప్పటికి పదేళ్ళుగా మన సినిమాల్లో ఫైట్లు మనుషులు చేయడం మానేశారు. ఏ మొహం కావాలంటే ఆ మొహం, ఏ కండలు కావాలంటే ఆ కండలు కంప్యూటరే తయారుచేసి ఇచ్చేది. హీరోగారు ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, తెర మీద ఆయన బొమ్మ ఒంటిచేత్తో రైలును ఆపేది. జనం మొదట్లో ఈలలు వేశారు. తర్వాత ఈలలు మానేశారు. ఆ తర్వాత థియేటర్‌కి రావడమే మానేశారు. "అదంతా ఉత్తిదే కదా తాతయ్యా, ఎందుకు చూడాలి?" అని భుజంగరావు మనవరాలే ఆయన మొహం మీద అనేసింది. ముప్ఫై సినిమాలు తీసిన మనిషి, ఆ రోజు అన్నం సయించలేదాయనకి.

ఆయన వెళ్ళి డాక్టర్ వసుమతిని పట్టుకున్నాడు. ఆవిడ సినిమా మనిషి కాదు. ఆస్పత్రిలో నోరు తెరిచి చెప్పుకోలేని రోగులకి నొప్పి ఎంత ఉందో కొలిచే యంత్రాలు తయారుచేసేది.

"డాక్టరమ్మా, నాకో యంత్రం కావాలి. వీడు నిజంగానే పదిమందిని కొట్టగలడని జనం నమ్ముతారా లేదా, అదొక్కటీ చెబితే చాలు," అన్నాడు భుజంగరావు.

"జనాన్నే అడగొచ్చు కదండీ?"

"అడిగితే అబద్ధం చెప్తారమ్మా. అభిమానం అడ్డమొస్తుంది, కులం అడ్డమొస్తుంది, పక్కనున్నవాడు ఏమనుకుంటాడో అని మొహమాటం అడ్డమొస్తుంది."

వసుమతి నవ్వింది. "ఒళ్ళు అబద్ధం చెప్పదులెండి," అంది.

ఆవిడ తయారుచేసింది చూడ్డానికి మామూలు కుర్చీయే. వీపు ఆనేచోట, చేతులు పెట్టుకునేచోట సెన్సర్లు ఉంటాయి. మన కళ్ళ ముందు ఒక గుద్దు గట్టిగా పడిందనుకోండి, మన కడుపు కండరం ఒక్క రవ్వ బిగుసుకుంటుంది. భుజం ముడుచుకుంటుంది. ఊపిరి ఆగుతుంది. మనకి తెలియను కూడా తెలియదు. కుర్చీకి తెలుస్తుంది. ఉత్తుత్తి గుద్దు అయితే ఒళ్ళు కదలదు. నూట ఇరవై మంది ఒళ్ళు ఎంత బిగుసుకున్నాయో కలిపి కంప్యూటర్ వందకి ఒక మార్కు వేస్తుంది. దానికి 'నమ్మిక' అని పేరు పెట్టారు. డెబ్బై ఐదు దాటితే పాస్.

నిర్మాతల సంఘం తీర్మానం చేసింది. యాక్షన్ సినిమాలో హీరో కావాలంటే, వాడు ఎవరి కొడుకైనా సరే, కుర్చీలు పాస్ కావాల్సిందే. ఆటోవాళ్ళు, నర్సులు, కూరగాయల బండ్లవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. నాలుగో తరం వారసుడు ఒకాయన ముందు రోజే కటౌట్లు కట్టించుకుని, డప్పులతో ఊరేగింపుగా వచ్చాడు. నమ్మిక పంతొమ్మిది! అభిమానులు డాక్టరమ్మ దిష్టిబొమ్మ తగలబెట్టారు. కానీ పాసైనవాళ్ళ సినిమాలు ఆడాయి. థియేటర్లలో మళ్ళీ "అమ్మో" అనే కేక వినిపించింది. దాంతో నోళ్ళు మూతపడ్డాయి. పద్నాలుగు నెలల్లో మూడువందల పైచిలుకు మంది పరీక్షకి వస్తే పదకొండు మంది పాసయ్యారు. అందరూ హీరోలే అయ్యారు.

ఇక బల్ల తెచ్చి వేసిన మనిషి సంగతి. పేరు షేక్ మౌలాలి. నలభై ఆరేళ్ళు. చీరాల నుంచి ఇరవై ఏళ్ళ వయసులో హీరో అవుదామని వచ్చి, ఫైటర్ అయ్యాడు. ఫైటర్ అంటే మనవాళ్ళ భాషలో కొట్టేవాడు కాదు, దెబ్బలు తినేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని; సినిమాల్లో ఫైట్లు పోయిన పదేళ్ళూ జాతరల్లో, స్టేజీ షోల్లో పడ్డాడు. అతను పడని మెట్లు లేవు, పగలగొట్టని అద్దం లేదు. పరీక్షకి వచ్చిన పిల్లలకి దెబ్బలు తగలకూడదని, బాగా అనుభవం ఉన్న ఫైటర్లని ఎదురుగా పెట్టమన్నాడు భుజంగరావు. అలా మూడు బ్యాచ్‌లు పెట్టారు. ఒక బ్యాచ్‌లో ముందు నిలబడేది మౌలాలి.

నలభై ఒకటో నంబరు పాసైన సాయంత్రం మౌలాలి అద్దాల గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, ఒక మాట. ఈ పరీక్షకి వయసు రూలు ఉందా?"

"లేదే. ఎందుకు?"

"నేను రాస్తా."

వసుమతి తలెత్తి చూసింది. జోకు కాదు.

"నవ్వితే నవ్వండి మేడమ్. ఇందాకటి పిల్లోడికి కాలు ఎత్తడం నేనే నేర్పా. ముందు వచ్చినోళ్ళలో సగం మందికి పిడికిలి పట్టుకోవడం కూడా రాదు. వాళ్ళు హీరోలైతే నేనెందుకు కాకూడదు? ఇన్నేళ్ళూ అడగడానికి మనిషి లేడు. ఎవరిని అడిగినా నా మొహం చూసేవాళ్ళు. కుర్చీ మొహం చూడదు కదా?"

"చూడదు," అంది వసుమతి. "రేపు శుక్రవారం రండి."

ఇది విని భుజంగరావు కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ ఎవరైనా రావచ్చని పేపర్లో వేయించింది ఆయనే, కాదనలేకపోయాడు.

శుక్రవారం మౌలాలి నల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అతని వెనకే దావీదు వచ్చాడు. దావీదు కూడా ఫైటరే. కృష్ణానగర్‌లో ఇద్దరూ ఒకే గదిలో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నారు. ఒకరి నడుం పట్టేస్తే ఇంకొకరు కాపడం పెడుతూ బతికారు. "అల్లాని నువ్వు అడుగు, యేసుని నేను అడుగుతా. ఇద్దర్లో ఎవరో ఒకళ్ళు ఇనకపోతారా?" అని గుమ్మంలోనే భుజం తట్టి పంపాడు దావీదు.

ఫైట్ మొదలైంది. ఏం కొట్టాడండీ! చెయ్యి వేస్తే గాలి కోసుకుపోయిన చప్పుడు. పాదం ఒక్క అంగుళం తప్పలేదు. రెండో బ్యాచ్ ఫైటర్లు ఎదురుగా నిలబడి, పడాల్సినచోట పడి, లేవాల్సినచోట లేచారు. అయిపోయాక హాల్లో చప్పట్లు మోగాయి. మౌలాలి రొప్పుతూ తెర వైపు చూశాడు.

ఇరవై ఏడు.

అతను స్టేజీ చివర కూర్చుని, చేతికి కట్టుకున్న గుడ్డ విప్పుకున్నాడు. దావీదు మాత్రం అద్దాల గదిలోకి దూసుకొచ్చాడు. "మీ డబ్బా చెడిపోయింది డాక్టరమ్మా! కళ్ళుండే చూశారా మీరు?" అని అరిచాడు.

వసుమతికి కోపం రాలేదు. ఎందుకంటే ఆవిడకీ అదే అనుమానం వచ్చింది. నలభై ఒకటో నంబరు కంటే ఈయన వందరెట్లు నయం. మరి ఒళ్ళు ఎందుకు బిగుసుకోలేదు?

వారం రోజులు ఆవిడ పాత రికార్డులన్నీ తిరగేసింది. ప్రతి కుర్చీకీ ఒక చిన్న కెమెరా బిగించి, కూర్చున్నవాళ్ళ కళ్ళు ఎటు చూస్తున్నాయో కూడా కొలిచింది. చివరికి దొరికింది. పదకొండు మంది హీరోలూ మౌలాలి బ్యాచ్‌తో, అదీ ఆఖరి దెబ్బకి మౌలాలే పడ్డ ఫైట్లు చేసినవాళ్ళే. మిగతా రెండు బ్యాచ్‌లతో చేసిన వందల మందిలో ఒక్కరూ పాసు కాలేదు. మౌలాలికి మోకాలు వాచి సెలవు పెట్టిన పంతొమ్మిది రోజుల్లో ఎవరికీ నలభై దాటలేదు. దెబ్బ పడే క్షణంలో జనం కళ్ళు కొట్టేవాడి మీద లేవు. పడేవాడి మీద ఉన్నాయి.

దెబ్బ తిన్నవాణ్ణి చూస్తేనే కదా మన ఒళ్ళు బిగుసుకునేది, ఇంతమాత్రం ముందే తెలియలేదా అని మీరనొచ్చు. తెలియలేదండీ. ఫైట్ అనగానే మన చూపు హీరో మీదే ఉంటుందని పుట్టినప్పట్నుంచీ అనుకుంటున్నాం. డాక్టరమ్మ కూడా ఈ గడ్డ మీద పుట్టిన మనిషే.

ఆవిడ మౌలాలిని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, తెర మీద అన్నీ చూపించింది.

"అంటే... ఆ మార్కులు?"

"మీవే. పదకొండు మందివీ మీవే. మీరు పడ్డ తీరుకి వచ్చిన మార్కులు వాళ్ళ పేరు మీద వేశాం. తప్పు నాది."

"మరి నాకు ఇరవై ఏడు ఎందుకొచ్చింది?"

"మీరు పడితే హీరో ఎవరైనా అవుతారు. మీరు కొట్టినప్పుడు పడడానికి మీలాంటి మనిషి ఎదురుగా లేడు."

మౌలాలికి ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. "పదకొండు మంది మేడమ్! ఒక్కడన్నా నా పేరు అడిగాడా? ఆ నలభై ఒకటో నంబరోడు, నిన్న కారు ఆపకుండా నా పక్కనుంచి పోయాడు. రాయండి మేడమ్. ఇదంతా రాయండి. నా పేరు పెట్టి రాయండి!"

"రాస్తాను. రెండు నెలల్లో సంఘం వార్షిక సమావేశం ఉంది. అందరి ముందూ నేనే చదువుతాను. ఆ రోజుతో ఈ పరీక్ష పద్ధతి మారుతుంది. పడేవాడికి పేరొస్తుంది," అంది వసుమతి.

మౌలాలి తల ఊపాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఈలోపల నేను ఇంకోసారి పరీక్ష రాయొచ్చా? ఎదురుగా పడేవాణ్ణి నేనే తెచ్చుకుంటా."

అలా దావీదు చదువు మొదలైంది. కారణం అతనికి మౌలాలి చెప్పలేదు. "నా టైమింగుకి సరిపోయేటోడు కావాల్రా," అన్నాడంతే. దావీదు ఎందుకని కూడా అడగలేదు. నలభై మూడేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా ఎదురుగా నిలబడ్డాడు.

రోజూ తెల్లారగానే ఫైటర్ల యూనియన్ ఆఫీసు వెనక ఖాళీ జాగాలో పరుపులు పరిచి ఇద్దరూ దిగేవాళ్ళు.

"నువ్వు చెయ్యి చూసి పడుతున్నావురా. చెయ్యి చూడొద్దు," అనేవాడు మౌలాలి.

"మరి దేన్ని చూడమంటావ్?"

"దేన్నీ చూడమాక. దెబ్బ తగిలినోడు వెంటనే పడడు. నాకేం కాలేదని ముందు వాడికి వాడే చెప్పుకుంటాడు. ఒక అడుగు వేద్దామనుకుంటాడు. కాలు రాదు. అప్పుడు తెలుసుద్ది వాడికి. అది నీ మొహంలో కనపడాల. తర్వాత పడు."

"ఓర్నీ! ఇన్నేళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావురా?"

"దాచలేదురా. ఎవడూ అడగలేదు."

దావీదు పడ్డాడు. వీపు మీద, భుజం మీద, మొహం మీద పడ్డాడు. నెల తిరిగేసరికి ఎడమ పక్కటెముక ఒకటి చిట్లింది. మౌలాలి కంగారుపడి ఆపేద్దామన్నాడు. "నోర్మూసుకుని చెయ్యి ఎత్తు. నువ్వు హీరో అయితే ఆ పోస్టరు కింద నిలబడి ఫొటో దిగాలని నేను ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నానో నీకు తెలుసా?" అని కసిరాడు దావీదు.

రెండో పరీక్ష వార్షిక సమావేశానికి ముందు రోజు ఉదయం జరిగింది. ఈసారి భుజంగరావు నవ్వలేదు. ఆవులిస్తూ కూర్చున్నాడు.

మౌలాలి ముగ్గురిని కొట్టాడు, ముగ్గురూ పడ్డారు. అంకె ముప్ఫై దగ్గర కునికిపాట్లు పడుతోంది. నాలుగోవాడు దావీదు. మౌలాలి చేతి వెనకభాగంతో అడ్డంగా ఒక్కటిచ్చాడు. నిజానికి చెయ్యి తగల్లేదు, వేలెడు దూరంలోంచి పోయింది. దావీదు పడలేదు. నిలబడ్డాడు. నవ్వబోయాడు కూడా. ఒక అడుగు వేద్దామని కాలు ఎత్తబోతే కాలు లేవలేదు. అప్పుడు అతని కళ్ళల్లోకి ఒక అయోమయం వచ్చింది, ఇంటికి పోయే దారి ఒక్కసారిగా మరిచిపోయిన మనిషికి వచ్చేట్టు. మూడో వరసలో ఒక నర్సమ్మ పట్టుకోడానికన్నట్టు చేతులు చాపి కుర్చీలోంచి లేచిపోయింది. దావీదు అప్పుడు కూలాడు.

తొంభై రెండు.

హాలు హాలంతా లేచి నిలబడింది. కుర్చీల చరిత్రలో ఎవరికీ రాని మార్కు. భుజంగరావు స్టేజీ ఎక్కి మౌలాలిని కావలించుకున్నాడు. "ఎక్కడ దాక్కున్నావయ్యా ఇన్నాళ్ళూ! నలభై ఆరేళ్ళ హీరో, జనం మనిషి! దసరాకి మొదలుపెడదాం," అని అక్కడికక్కడే ప్రకటించేశాడు. ఎవరో దండ తెచ్చారు. దావీదు కింద కూర్చునే, పక్కటెముకలు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు.

ఆ గోలంతా కాస్త సద్దుమణిగాక మౌలాలి దండతోనే అద్దాల గదిలోకి వచ్చాడు. వసుమతి తలుపు వేసి, తెర మీద ఫైట్ మళ్ళీ వేసింది. జనం కళ్ళు ఎటు చూశాయో ఎర్రచుక్కలుగా పడుతోంది. మౌలాలి చెయ్యి ఎత్తాడు, రెండు మూడు చుక్కలు. దావీదు నిలబడ్డాడు, చుక్కలన్నీ అతని మొహం మీద పోగుపడ్డాయి. కూలేసరికి తెరంతా ఎర్రబడిపోయింది, మౌలాలి బొమ్మ ఒక మూలన చీకట్లో ఉంది.

"ఈ తొంభై రెండు దావీదుగారిది," అంది వసుమతి. "మీకు బాధగా ఉంటుందని తెలుసు. కానీ నేను అనుకున్నదానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు. రేపు పదిగంటలకి సమావేశం. రిపోర్టు మొదటి పేజీలో మీ పేరుంది. ఇది చివరి పేజీలో కలుపుతాను."

మౌలాలి తెర వైపే చూస్తూ ఉన్నాడు.

"రేపు చదవాల్సిందేనా మేడమ్?"

వసుమతికి అర్థం కాలేదు. "మీరే కదండీ రాయమన్నారు?"

"రాయమన్నా. కాదనడం లేదు." దండలోంచి ఒక పూరేకు తుంచాడు. "అది చదివితే నా సినిమా ఉండదు కదా."

"ఉండకపోవచ్చు."

"ఒక్కటి మేడమ్. ఒక్కటి తీయనీండి. ఇరవై ఆరేళ్ళు నేలనే చూశా నేను. ఒక్కసారి పైన నిలబడి చూడాలనుంది. అది అయిపోయినాక మీ ఇష్టం, నేనే మీ పక్కన నిలబడి చదివిస్తా. ఖురాన్ మీద ఒట్టు."

"మరి దావీదుగారికి చెప్తారా?"

"చెప్తా. నేనే చెప్తా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. నొప్పిని కొలిచే పనిలో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి. అతను అబద్ధం చెబుతున్నాడని ఆవిడకి అనిపించలేదు. దావీదుకి నిజం చెబుతాడనీ అనిపించలేదు. మనసు చివుక్కుమంది. తన యంత్రం మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ మనిషి చేతులు జోడించి నిలబడి ఉంటే కాదని ఎలా అనాలో తెలియలేదు. రిపోర్టు మడిచి సంచీలో పెట్టేసింది.

ఇంతలో తలుపు తోసుకుని దావీదు వచ్చాడు. కాంపౌండరు ఛాతీ చుట్టూ పట్టీ బిగించాడు, చొక్కా గుండీలు పెట్టుకోలేదు.

"ఏందిరా, ఇక్కడ కూర్చున్నావ్! బయట టీవీవాళ్ళు హీరోగారేరీ అని గోల. రా రా." మౌలాలి మెడలో దండ సర్ది, చెమట తుడిచాడు. "నేను చెప్పలా డాక్టరమ్మా, ముందు మీ డబ్బానే చెడిపోయిందని? ఈడి చెయ్యి పడితే గోడ కూలుద్ది. తగల్లేదని తెలుసు, అయినా నాకు నిజంగా తగిలినట్టే ఉందిరా మౌలా!"

"నొప్పిగా ఉందా?" అన్నాడు మౌలాలి మెల్లిగా.

"ఇయ్యాల నొప్పేందిరా నాకు!"

ఇద్దరూ బయటికి వెళ్ళారు. పదిహేను మైకులు మౌలాలి మొహం ముందుకొచ్చాయి. దావీదు కెమెరాలకి అడ్డం రాకూడదని పక్కకి తప్పుకున్నాడు. "ఇంత గొప్ప విజయానికి ఎవరికి థాంక్స్ చెప్పుకుంటారు సార్?" అని అడిగింది ఒకమ్మాయి. మౌలాలిని మొదటిసారి 'సార్' అన్నది ఆ అమ్మాయే.

మౌలాలి ఒక్క క్షణం దావీదు వైపు చూశాడు. తర్వాత కెమెరా వైపు తిరిగాడు.

"ఆ నూట ఇరవై కుర్చీల్లో కూర్చున్న జనానికి," అన్నాడు.

చప్పట్లు మోగాయి. చిట్లిన ఎముక కలుక్కుమంటున్నా, అందరికంటే గట్టిగా కొట్టింది దావీదే.